నలభయ్యో పేరు

జీవమ్మ ఇంట్లో మట్టిపాములు ఎండుతున్నాయని మొదట అన్నది అంకమ్మ. అన్నది రామేశ్వరమ్మతో. రామేశ్వరమ్మ ఏ మాటనూ ఒక పూటకు మించి కడుపులో దాచుకునే మనిషి కాదు గనుక, రవిక కుట్టించుకోవడానికి వచ్చి, కొలతలకన్నా ముందు ఆ మాటే జీవమ్మ ముందర పెట్టింది.

"నేనన్లేదు జీవమ్మా, నా మీద ఏసుకోవద్దు. అంకమ్మ కండ్లారా చూసినాదంట. మీ వసారాలో గోడ పొడుగునా నల్లగా చుట్టలు చుట్టుకోని పండుకోనుండాయంట. కొన్నిటికి తలకాయలు గూడా ఉండాయంట. మొగుడేమో పిల్లోల్లకు దేవుని పాటలు చెప్పే మనిషి, పెండ్లామేమో చేతబడి నేరుస్తాందని..."

"అంకమ్మ అనిందా?"

"అంకమ్మే. నేనైతే నమ్మల్యా. రవిక చేతులు మాత్రం ఈసారి రోంత పొడుగు పెట్టు."

జీవమ్మ లేచి పోయి వసారాలోంచి ఒక నల్లటి చుట్ట తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది. "పాము కాదమ్మా. ఇది 'ల'."

రామేశ్వరమ్మకు అక్షరాలతో ఎప్పుడూ పని పడలేదు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నిద్ర లేస్తుందేమో అన్నంత జాగ్రత్తగా కింద పెట్టింది. "ఏమో తల్లీ. పాముకైనా ఏదో ఒక పేరుంటాది గదా" అని, గుడ్డ అక్కడ పడేసి బిరబిరా బయటపడింది.

ఈ చుట్టలేమిటో మొదటి నుంచీ వెంట వస్తున్నవారికి తెలుసు. ఈ వారమే మనలో కలిసినవారికి నాలుగు మాటలు చెప్పాలి. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు పోయే దారిలో, బండిబాట దిగితే కొర్రలదిన్నె. అక్కడి క్రైస్తవ మిషన్ బడిలో ఇద్దరే అయ్యవార్లు. పెద్దయ్యవారు గురుస్వామి, రెండో అయ్యవారు యేసుదాసు. ఈ యేసుదాసు భార్యే జీవమ్మ. నంద్యాల బోర్డింగులో ఎనిమిది దాకా చదివింది, చేతిమిషను మీద ఊరందరికీ రవికలు కుడుతుంది. వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ సలోమికి పదేండ్లు. ఒకసారి విన్న కథను నెల తర్వాత అడిగినా మాట తప్పకుండా చెప్తుంది. మనిషిని చూసి, టేపు పట్టకుండా రవిక గుడ్డ కత్తిరిస్తుంది. పుస్తకం ముందర పెడితే మాత్రం నోరు పడిపోతుంది. "నీళ్ళలో చేపపిల్లల మాదిరి కదుల్తాండాయి నాయనా, పట్టుకుంటే జారిపోతాండాయి" అని ఏడుస్తుంది.

రెండో తరగతిలోనే మూడేండ్లు కూచుంది. మూడో ఏడు గురుస్వామికి ఓపిక చచ్చి, పిల్ల పలకకు తాడు కట్టి మెడలో వేసి, వచ్చేపోయే జనం చూసేటట్టు బడి గడప దగ్గర నిలబెట్టాడు. పక్క గదిలో తండ్రి ఎక్కాలు చెప్తూనే ఉన్నాడు; ఆపలేదు. నీళ్ళకు పోతున్న జీవమ్మ చూసింది. బిందె బాటలో దించింది. బిడ్డ మెడలోని తాడు తీసి, పలకను పెద్దయ్యవారి బల్ల మీద పెట్టి, బిడ్డను ఇంటికి తోడుకొచ్చింది. తిరిగి పంపలేదు. ఇది జరిగి మూడు నెలలు.

బడి మాన్పించడం ఎవరైనా చేస్తారు. పత్తి తీసే కాలంలో ఊళ్ళో సగం మంది చేసే పనే అది. మాన్పించి, తానే కూచుని చదువు చెప్పడానికి పూనుకోవడమే ఊరికి మింగుడు పడలేదు. అయ్యవారికి రాని చదువు అయ్యవారి పెండ్లానికి వస్తుందా అని నవ్వారు. మొదటి నెల నవ్విన వాళ్ళదే గెలుపు. పలక పట్టుకుంటే చాలు సలోమికి చేతులు వణికేవి. జీవమ్మ పలకను అటక మీదికి ఎక్కించింది. ఒకనాడు పొయ్యికి మన్ను మెత్తుతూ, ఊరికే చేతిలో మిగిలిన ముద్దను తాడులా పేని, 'అ' చేసి బిడ్డ ముందర పెట్టింది. "కండ్లు మూసుకోని తడుము" అంది. సలోమి తడిమింది. మళ్ళీ తడిమింది. "అమ్మా, ఇది కదల్లేదే!" అంది.

అంతే. కంటికి జారిపోయే అక్షరం వేలికి జారలేదు.

నల్లరేగడి ఎండితే నెర్రెలు విడుస్తుంది. మొదటి విడత అక్షరాలన్నీ తెల్లారేసరికి ముక్కలు. జీవమ్మ బూడిద కలిపి చూసింది, తర్వాత పొట్టు కలిపింది, చివరికి దూది తెంపి పోగులు పోగులుగా మట్టిలో పిసికితే నిలిచాయి. నీడలో ఎండబెట్టి, ఆముదం రుద్దేది. తలకట్లు వేరే, గుడులు వేరే, కొమ్ములు వేరే. రోజుకు రెండే అక్షరాలు. మూడోది చెప్పమని సలోమి బతిమాలినా చెప్పేది కాదు. ఈ రెండు నెలల్లో వసారా గోడ పొడుగునా అక్షరాలు పేర్చుకుంటూ పోయింది. అచ్చులు, హల్లులు పూర్తయ్యాక ఒత్తుల దాకా వచ్చారు. పోయిన వారమే తల్లి కాగితం మీద పెద్దగా రాసి పెడితే, సలోమి దాని మీద వేలుతో దిద్దుతూ "పలక", "గడప" చదివింది. కానీ తల్లి రాసినవే, తల్లి పక్కనుంటేనే. ఇంకొకరి రాత ఆమె ఇంతవరకూ చదవలేదు.

రామేశ్వరమ్మ వెళ్ళిన కాసేపటికి, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, పెద్దయ్యవారు గురుస్వామి గొడుగేసుకుని వచ్చాడు. చంకలో పొడుగాటి రిజిస్టరు. వెనక యేసుదాసు, తన ఇంటికి తానే చుట్టం వచ్చినట్టు వంగి గడప దాటాడు.

"నేను తగువుకు రాలేదు జీవమ్మా" అన్నాడు గురుస్వామి.

"కూచోండి అయ్యవారూ. తగువుకైతే నిలబడుకోనే చేస్తారు."

ఆయన నులకమంచం మీద కూచున్నాడు. సలోమి మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆయన చేతిలో బెత్తం లేదని రూఢి చేసుకుని, రెండడుగులు వెనక్కి పోయి నిలబడింది.

"గురువారం ఇనస్పెక్టరు వస్తాండాడు. బుధవారమే ఆళ్లగడ్డ బంగళాలో దిగుతాడంట. కొత్తాయన. పాతాయనయితే తలకాయలు లెక్కపెట్టుకోని, ఒకరిద్దర్ని పిలిచి పోతాండె. ఈయన అందర్నీ పేరు పేరునా పిలిచి, లేపి నిలబెట్టి చూస్తాడంట."

"మల్ల వెలుగోడు చుట్టాల పిల్లోల్లు ఏమైరి?"

గురుస్వామి మంచినీళ్ళ చెంబు కింద పెట్టాడు. పోయిన ఏడు తనిఖీకి తలకాయలు తక్కువైతే, వెలుగోడు నుంచి పెండ్లికి వచ్చిన చుట్టాల పిల్లలను ముగ్గురిని పట్టుకొచ్చి కూచోబెట్టారు. కరుణాకర్ అని పిలిస్తే లేవమని ఒకడికి నేర్పించారు కూడా. ఇనస్పెక్టరు పిలిచాడు, వాడు లేచాడు, "కరుణాకర్ నేనే సార్, నా పేరు మద్దిలేటి" అన్నాడు. పాతాయన నవ్వి ఊరుకున్నాడు గనుక సరిపోయింది.

"ఆ ఆటలు ఈయన తావ సాగవు" అన్నాడు గురుస్వామి. "మనకుండేది ముప్పై తొమ్మిది మంది. నలభయ్యో పేరు నీ కూతురిది. నలభై ఉంటేనే రెండో అయ్యవారు ఉండేది. ఒక తలకాయ తగ్గితే ఒక అయ్యవారు తగ్గుతాడు. యా అయ్యవారు తగ్గుతాడో నా నోటితో చెప్పించొద్దు."

యేసుదాసు గోడకున్న తలకట్లను చూస్తూ నిలబడ్డాడు. ఆ ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదు. వాళ్ళుంటున్న ఇల్లు కూడా బడి నడిపే మిషన్‌దే, ఉద్యోగంతోనే వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. యేసుదాసు నాయన పౌలు చచ్చేదాకా పరుల చేలలో గుంటక తోలినవాడు. ఆ వంశంలో కాళ్ళకు మట్టి అంటని మొదటి మనిషి యేసుదాసు. ఇదంతా జీవమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"కూచోబెడితే ఏం అడుగుతారు?"

"ఏమీ అడగరు. నేను చూసుకుంటా. ఎనకబెంచీలో గోడవారగా కూచోబెడతా. పేరు పిలిస్తే లేస్తాది, కూచుంటాది. నోరు తెరవాల్సిన పనే లేదు."

"మూడేండ్లు అట్లనే కూచునింది గదా అయ్యవారూ."

"జీవా" అన్నాడు యేసుదాసు. ఇంటికి వచ్చాక అదే అతని మొదటి మాట. "ఒక్క పూట."

జీవమ్మ అతని వైపు తిరిగింది. "మెడకు తాడు కట్టింది గూడా ఒక్క పూటే సలోమి నాయనా. ఆ పూట తర్వాత ఆరు దినాలు బిడ్డ నోట్లో మాట లేదు. పలకలో రెండక్షరాలు కనపడితే పక్క తడుపుకునేది. ఈ రెండు నెలలు నేను మన్ను పిసికి పిసికి అక్షరమంటే భయం పోగొడితి. ఇప్పుడిప్పుడే దానంతట అది చేయి చాపుతాంది. ఎవరన్నా 'చదువు' అని గద్దించినారంటే, గోడకున్నేటివన్నీ మల్ల మన్నే."

"ఎవురూ గద్దించరు. నేను మాటిస్తాండా" అన్నాడు గురుస్వామి.

వాకిట్లో కోడిపెట్ట ఒకటి గింజలు లేని చోట మళ్ళీ మళ్ళీ గీకుతూ ఉంది. జీవమ్మ బిడ్డను చూసింది, మొగుణ్ణి చూసింది. ఇల్లు చూసింది. చివరికి, "గురువారం పొద్దన నేనే తోడుకోనొస్తా" అంది. "బడి ఇడిసేదాకా వాకిట్లోనే కూచోనుంటా. గొంతు లేసిందంటే లోపలికొస్తా."

"రామ్మా, ఎవరొద్దన్యారు!" గురుస్వామికి ప్రాణం లేచొచ్చింది. రిజిస్టరు మంచం మీద తెరిచాడు. "ఒక్క సంతకం మాత్రం పెట్టు. బిడ్డకు జబ్బు చేసి మూడు నెలలు ఇంటికాడ ఉన్నాదని. లేకుంటే పేరు కొట్టేయాల్సి వస్తాది."

అబద్ధానికి సంతకం. జీవమ్మ పండ్లు కరుచుకుని, అదీ సరే అనుకుంది. కలం కోసం కుట్టుమిషను పెట్టె వెతకడం మొదలుపెట్టింది.

ఇక్కడ పెద్దయ్యవారు ఒక తప్పు చేశాడు. ముప్పై ఏండ్లు బడి నడిపినవాడు మాత్రమే చేయగల తప్పు. పేజీలో పైన ఏదో రాసి ఉంది; అది జీవమ్మ కంట పడకూడదు. కిందనున్న ఖాళీ గీత ఒక్కటే కనపడేటట్టు, పై భాగమంతా సిరా అద్దుడు కాగితంతో కప్పాడు. గాలికి ఆ కాగితం లేస్తూ ఉంది. చుట్టూ చూశాడు. దగ్గర్లో సలోమి నిలబడి ఉంది.

"పాపా, ఇట్ల రా. ఈ కాయితం ఎగిరిపోకుండా పట్టుకో."

ఆయన భయమంతా చదువు వచ్చినదాని గురించి. చదువు రానిదాని చేతికి మూత అప్పగించడానికి ఆయనకు భయమెందుకు?

సలోమి ఒక చేత్తో కాగితం పట్టుకుంది. పెద్దయ్యవారు సిరాబుడ్డి మూతతో కుస్తీ పడుతున్నాడు. గాలికి కాగితం అంచు లేచింది. కింద నల్లగా, గుండ్రంగా ఏదో కనపడింది. ఆ పిల్ల రెండో చేతి చూపుడువేలు తనంతట తానే పోయి దాని మీద ఆనింది. మట్టి మీద ఆనినట్టే.

"స... లో... మి" అంది మెల్లగా. తర్వాత తలెత్తి, "అమ్మా, నా పేరు!"

కలం దొరికిన జీవమ్మ కదలకుండా నిలబడిపోయింది. ఇది తన రాత కాదు. తాను పక్కన లేదు. పిలిచి చదవమన్నవాళ్ళు లేరు.

"ఇంగా ఉండాది" అంది సలోమి. వేలు పక్క గడిలోకి జరిపింది. "మం..."

"పాపా, మూసెయ్. మూసెయ్ దాన్ని" గురుస్వామి చేయి చాపాడు.

"చదవనీ అయ్యవారూ" అంది జీవమ్మ. గొంతు పెంచలేదు. ఆయన చేయి మాత్రం గాల్లోనే ఆగింది.

"మం... ద..." సలోమి వేలు ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోయింది. చెమట ముక్కు కొసన నిలిచింది. "బు." తర్వాత అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతూ ఉంది. పిల్ల కండ్లు మూసుకుంది. వేలుతో పైది దిద్దింది, కింది ఒత్తు దిద్దింది, పైన గుడి దిద్దింది. ఒకసారి. రెండోసారి.

"ద్ధి!" అని కండ్లు తెరిచింది. "మందబుద్ధి! అమ్మా, చదివేసినా! నేనే చదివినా, నువ్వు చెప్పల్యా!"

ఇల్లంతా వినపడేటట్టు నవ్వింది. కాగితం ఎగిరి మంచం కింద పడింది, ఎవరూ ఎత్తలేదు. ఎవరూ తనతో పాటు నవ్వడం లేదని పిల్లకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

"తప్పు చదివినానా?"

"లేదు తల్లీ" అంది జీవమ్మ. "సరిగ్గా చదివినావు."

"అంటే ఏందీ, మందబుద్ధి?"

తల్లి వచ్చి రిజిస్టరు ముందు వంగింది. సలోమి పేరుకు ఎదురుగా, రిమార్కుల గడిలో, ఆ ఒక్క మాటే ఉంది. కింద పోయిన ఏటి తేదీ, ఇనస్పెక్టరు పొడి సంతకం.

"ఎవురు రాసినారు అయ్యవారూ?"

"అది... ఆఫీసు పద్ధతమ్మా. రెండో ఏడు గూడా అదే తరగతిలో ఉంటే కారణం రాయాల. రాయకుంటే చెప్పేవాని తప్పంటారు. ఎవరైతేనేం..."

"నాయన రాసినాడు" అంది సలోమి. అందులో ఫిర్యాదేమీ లేదు. గుర్తుపట్టిన సంతోషమే ఉంది. వేలు చూపించింది. "ఈ 'మ' చూడమ్మా, తోక ఎంత పొడుగుండాదో. నాయన 'మ' ఇట్లనే ఉంటాది."

జీవమ్మ మొగుడి వైపు చూడలేదు. రిజిస్టరునే చూస్తూ అడిగింది. "నువ్వేనా?"

"పెద్దయ్యవారు రాయమనె..."

"రాయమనింది ఎవురని అడగల్యా."

"నేనే" అన్నాడు యేసుదాసు. గోడకు చేరబడ్డాడు. "ఏం రాయాల్నో తెలియల్యా జీవా. అయ్యవారి బిడ్డకే చదువు రాకుంటే అయ్యవారికేం వచ్చు అని నిలబెట్టి అడిగినారు. ఒక్క మాట రాసేస్తే అయిపోతాదనుకుంటి. బిడ్డకు ఎట్లయినా చదువు రాదు గదా, ఈ మాట యాడికి పోతాది అనుకుంటి."

"యాడికి పోతాదా? బిడ్డ యాడికి పోతే ఆడికి పోతాది. రేపు ఎనిమిదికి పరీక్ష కట్టాలన్నా, నంద్యాలలో ట్రైనింగుకు పోవాలన్నా టీసీ అడుగుతారు. టీసీలో ఈ మాట ఎక్కుతాది. చదువొచ్చి గూడా గేటుకాడ నిలబడాల నా బిడ్డ. అప్పుడు పలక మెడలో కడితిరి, తాడు ఇప్పితి. దీనికి తాడు యాడుండాది ఇప్పేదానికి?"

గురుస్వామి తేరుకున్నాడు. తెలివైనవాడు, చేతికొచ్చిన బేరం ఎప్పుడు మారిందో ఆయనకు తెలుసు. ముఖానికి నవ్వు తెచ్చుకున్నాడు.

"ఇంత బాధెందుకమ్మా! బిడ్డ చదివింది, అదీ గొప్ప. నా కండ్లతో చూస్తి. గురువారం ముందు బెంచీలోనే కూచోబెడతా. మొదటి వాచకంలో ఒక పాఠం నేర్పించుకోని తోడుకోనిరా. ఇనస్పెక్టరు ముందర గడగడా చెప్తాది. నీకూ పేరు, బడికీ పేరు."

"ఈ మాట కొట్టేస్తారా?"

"కొట్టేసేదానికి ల్యాదు. దాని మీద ఇనస్పెక్టరు సంతకం ఉండాది. నేను గీత గీసినానంటే నా నౌకరి పోతాది. ఉంటే ఉండనీ, పాత రాతలు ఎవురు చూస్తారు?"

"అంటే, కొట్టేయాలంటే ఇనస్పెక్టరే కొట్టేయాల."

"ఆఁ... పద్ధతి ప్రకారమైతే అంతే."

జీవమ్మ కలం మూత పెట్టింది. సంతకం చేయకుండానే రిజిస్టరు మూసి, రెండు చేతులతో ఎత్తి పెద్దయ్యవారి ఒళ్ళో పెట్టింది.

"వస్తాది అయ్యవారూ. గురువారం ముందు బెంచీలోనే కూచుంటాది. జబ్బు చేసిందని మాత్రం రాయొద్దు, ఇంటికాడ చదువుకుంటాంటె అని రాయండి, సంతకం పెడతా. పాఠం నేర్పించను. గడగడా చెప్పేది నా బిడ్డకు ముందే వచ్చు, ఒకసారి ఇంటే చాలు చెప్తాది. అది చదువు కాదు. ఇనస్పెక్టరు ముందర ఈ రిజిస్టరు తెరవండి. ఈ పేజీనే చదువుతాది. చదివినంక ఆ మాట ఉండాల్నో పోవాల్నో ఆయన్నే చెప్పమందాం."

గురుస్వామి లేచి నిలబడ్డాడు. రిజిస్టరు మళ్ళీ చంకన పెట్టుకున్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా? మొగుని నోట్లో నువ్వే మన్ను కొడతావా? ఆ మాట ఆయన ముందర చదివిస్తే, ఎవురు రాసినారని అడగడా? కన్నబిడ్డ మీదే తప్పు రాత రాసినోన్ని ఇంగ బడిలో ఉంచుతాడా? ఏసుదాసు గతేం కావాలని ఒక్క క్షణమన్నా ఆలోచన చేస్తివా?"

జీవమ్మ బిడ్డను దగ్గరికి లాక్కుంది.

"ఆ మాట రాసిన నాడు నా బిడ్డ గతేం కావాలని మీ ఇద్దరిలో ఒక్కరన్నా ఆలోచన చేస్తిరా?"